నలభై ఏడు దినాలు

దూది ఎగురుతోంది.

పంచలో దూదేకే విల్లు మోగుతోంది. ధుమ్... ధుమ్... ధుమ్. దెబ్బ దెబ్బకూ కొంచెం దూది పైకి లేచి, పొద్దుటెండలో నిలబడి, ఎక్కడ వాలాలో తోచనట్టు తిరుగుతోంది.

కొంత గడప మీద వాలింది. కొంత నా వెంట్రుకల్లో. కొంత మహమూదా కనురెప్పల మీద.

రెప్పలు తెల్లబడిన నాలుగేళ్ల పిల్ల నన్ను చూసి, పండు ముసలిదానిలా నవ్వింది.

నాకు భయం వేసింది.

పిల్లలు నవ్వితే ఎవరైనా భయపడతారా? నేను పడతాను. ఇంట్లో నవ్వు పెరిగే కొద్దీ పొయ్యి మీద గంజి పొంగుతున్నట్టే ఉంటుంది నాకు. పరుగెత్తి మూత తీయాలి. ఎవరూ కాలకముందే తీయాలి.

మా ఇంట్లో ఇద్దరు ఆడపిల్లలు.

పెద్దది జైబున్నీసా. జైబు. నా కడుపున పుట్టింది. పులివెందుల దగ్గర గనిలో పెళ్ల విరిగిపడి దాని నాయన పోయినప్పుడు, అది చంకలో ఉంది. నాకు పందొమ్మిదేళ్లు.

చిన్నది మహమూదా. నా మొగుడు మక్బూల్ బిడ్డ. దాన్ని పొద్దున కని, సాయంత్రం దీపం పెట్టే వేళకు కన్ను మూసింది దాని తల్లి ఖమ్రున్నీసా. ఈ ఇంట్లోనే. ఈ గదిలోనే.

పెన్న అవతలి నుంచి నేను ఒక సగం ఇల్లు తెచ్చాను. పెన్న ఇవతల, ప్రొద్దుటూరులో, ఆయన దగ్గర ఒక సగం ఇల్లు ఉంది. నిఖా చేసుకున్నాం.

మక్బూల్ పరుపులు కుట్టేవాడు. పాత పరుపులు విప్పి, గడ్డ కట్టిన దూదిని ఏకి, మళ్ళీ కుట్టేవాడు. నిఖా అయిన కొత్తలో నాకు చెప్పాడు.

"రెండు పరుపుల దూది కలిపి ఏకినామనుకో... ఏది ఏ పరుపుదో ఎవురికీ తెలీదు మే."

దూదికి తెలియదు. నిజమే.

మనుషులకు తెలుస్తుంది.

జమ్మలమడుగులో ఉన్న బీబీజానుకు తెలుస్తుంది.

బీబీజాన్ ఖమ్రున్నీసాను కన్న తల్లి. పురిటి నెత్తురు ఆరకముందే మహమూదాను ఎత్తుకుపోయి, మేకపాలు పోసి, రెండేళ్లు పైగా సాకింది. మా నిఖా అయిన నెలకు తన చేతులతో తెచ్చి ఇచ్చింది. బిడ్డ నాయనకు బిడ్డ కావాలి కదా. కాదనలేకపోయింది.

ఇచ్చింది కానీ గడప దాటలేదు. కూర్చోలేదు. నీళ్లిస్తే తాగలేదు.

"బిస్మిల్లా దినం వస్తా," అంది. "పిల్ల ఒళ్లంతా సూస్తా. యాడన్నా ఒక్క మచ్చ కనపడిందా... అప్పుడే ఎత్తకపోతా. ఏం అల్లుడా? అడ్డమొస్తావా?"

మక్బూల్ తల అడ్డంగా ఊపాడు.

రానని.

మా వాళ్లలో బిడ్డకు నాలుగేళ్ల నాలుగు నెలల నాలుగు దినాలు నిండిన పొద్దు బిస్మిల్లా చేస్తారు. కొత్త గుడ్డలు తొడిగి, మెడలో పూలదండ వేసి, ముల్లా సాబు ముందు కూర్చోబెట్టి, మొదటి మాట చదివిస్తారు. చక్కెర పంచుతారు. బిడ్డ ఇక చదువుకు పెద్దదైంది అంటారు.

అందరికీ అది పండగ.

నాకు వాయిదా.

పులివెందులలో నేను నాలుగో తరగతి దాకా బడికి పోయాను. మా చెల్లెలు పుట్టింది. ఎత్తుకునేవాళ్లు లేరని మాన్పించారు. చదివిందంతా పోయింది. ఒక్కటి మిగిలింది — పిడికిలి బిగించి నెలలు లెక్కపెట్టడం. ఎముక మీద పడితే ముప్పై ఒకటి. గుంటలో పడితే ముప్పై. ఫిబ్రవరి ఒక్కటే కుంటిది.

మహమూదా ఎప్పుడు పుట్టిందో మునిసిపాలిటీ చీటీలో ఉంది. ఆంధ్ర రాష్ట్రం వచ్చిందని బజార్లో కాగితపు జెండాలు కట్టిన తర్వాత వారానికి. వాన. అక్టోబరు తొమ్మిది, యాభై మూడు.

పిడికిలి బిగించాను. లెక్కపెట్టాను. నాలుగేళ్లు. నాలుగు నెలలు. నాలుగు దినాలు.

ఫిబ్రవరి పదమూడు, యాభై ఎనిమిది.

తలుపు వెనక గోడ మీద బొగ్గుతో రాసుకున్నాను. ఆ తలుపు మూసినప్పుడల్లా కనిపిస్తుంది. అందుకని తలుపు మూసేదాన్ని కాదు.

వచ్చిన కొత్తలో మహమూదా నన్ను "మే" అని పిలిచేది. దాని నాయన అట్లా పిలుస్తాడు కదా, అది కూడా అట్లాగే. "మే, నీళ్లు. మే, ఆకలి." పక్కింటి ఈశ్వరమ్మ పడీ పడీ నవ్వేది.

"ఏమ్మే మాబున్నీ! నీకు ఇద్దరు మొగుళ్లా?"

ఒకరోజు జైబు "అమ్మా" అంది. వెనకనే, దాని నీడలాగా, మహమూదా కూడా "అమ్మా" అంది.

పంచలో విల్లు ఆగిపోయింది.

నేను చేతిలోని చెంబు కింద పెట్టాను. సంతోషం వచ్చింది. వచ్చి, మధ్యలోనే ఆగింది. ఈ గదిలోనే పోయిన మనిషి ఒకామె ఉంది. ఆమెకు వినపడి ఉంటుందా... వింటే ఏమనుకుంటుంది...

ఆ రోజంతా మెల్లగా మాట్లాడాను.

ఒక తట్టలో ఇద్దరూ కలిసి తిన్న రోజు. జైబు చెయ్యి వదిలి మహమూదా ఒక్కతే వీధి చివరి దాకా పోయి వచ్చిన రోజు. ఇద్దరూ ఒకే దుప్పటి కప్పుకుని, లోపల ఏదో గుసగుసలాడుకుని, ఊరికే నవ్విన రోజు. ప్రతి రోజూ మంచి రోజే. ప్రతి మంచి రోజూ సాయంత్రం మహమూదాను నిలబెట్టి చూసేదాన్ని. మోకాళ్లు. మోచేతులు. చెవుల వెనక. వీపు.

మచ్చ లేదు.

ఈ పొద్దుకు లేదు.

పరుగెత్తనిచ్చేదాన్ని కాదు. చెట్టెక్కనిచ్చేదాన్ని కాదు.

"బిడ్డను సాకుతాండావా," అంది ఈశ్వరమ్మ, "గాజు బుడ్డిని మోస్తాండావా?"

ఒక మధ్యాహ్నం జైబు కింద పడింది. గడ్డం చీలింది. నేను మహమూదా తల దువ్వుతున్నాను. దువ్వడం అయినాక లేచాను.

జైబు ఏడవలేదు. గడ్డానికి దూది పెట్టుకుని, నన్నే చూసింది.

"నాకు తగిలితే నువ్వు ఉరికి రావు."

అంతే అంది. అని ఆడుకోవడానికి పోయింది.

ఆ మాట ఇప్పటికీ నాలో ఉంది. మేకులాగా.

మళ్ళీ కడుపు వచ్చింది నాకు. ఎనిమిది నెలలు నిండాయి. మక్బూల్ కొత్త దూదితో చిన్న పరుపు ఒకటి కుట్టాడు. చెయ్యంత. ఇద్దరు పిల్లలూ దాని మీద పడుకుని చూశారు. కాళ్లు బయటికి వచ్చాయి. నవ్వారు.

నేను ఆ పరుపును పెట్టెలో పెట్టి మూత వేశాను. పుట్టకముందే పరుపు కనిపించకూడదు. ఎవరికి కనిపించకూడదో... అది మాత్రం తెలియదు.

ఆ పొద్దు — రెప్పల మీద దూది వాలిన ఆ పొద్దు — డిసెంబరు ఇరవై ఐదు.

నేను జొన్నరొట్టెలు తడుతున్నాను. మహమూదా వచ్చి పక్కన కూర్చుంది. పిండి ముద్ద ఒకటి తీసుకుంది. రెండు అరచేతుల మధ్య పెట్టి తట్టింది. తప్పట్లు కొట్టినట్టు. పిండి సాగింది. చివర్లు చీలాయి. మళ్ళీ కలిపి తట్టింది. రూపాయి బిళ్ల కంటే కొంచెం పెద్ద రొట్టె.

"అమ్మా! నాది!"

నేను నవ్వాను.

ఆ ఒక్కసారి... భయపడటం మరిచిపోయాను. బిడ్డ మొదటి రొట్టె. గుండ్రంగా లేదు. ఎంత బాగుందో.

తనే తీసుకుపోయి పెనం మీద వేసింది. వేసి, నేను అద్దినట్టే, చేత్తో అద్దింది.

కేక.

నీళ్లు. కలబంద గుజ్జు. ఈశ్వరమ్మ ఉరికి వచ్చింది. మక్బూల్ ఎత్తుకుని ఊపాడు. అరచేతిలో, బొటనవేలి కింద, రేగ్గాయంత బొబ్బ.

"మానిపోతుందిలే మే," అన్నాడు మక్బూల్.

తలుపు మూసి గోడ చూశాను. పిడికిలి బిగించాను. డిసెంబరులో ఆరు. జనవరి ఎముక మీద, ముప్పై ఒకటి. ఫిబ్రవరిలో పదమూడు.

యాభై.

యాభై దినాల్లో మానదా? మానుతుంది. కొత్త చర్మం వస్తుంది. బీబీజాన్ వచ్చేసరికి ఏమీ ఉండదు.

యాభై. మరునాడు నలభై తొమ్మిది. ఆ మరునాడు నలభై ఎనిమిది.

నలభై ఏడు మిగిలిన దినం మధ్యాహ్నం జమ్మలమడుగు బస్సు దిగి, చంకలో మూటతో, చేతిలో చక్కెర పొట్లంతో, బీబీజాన్ మా గడప ముందు నిలబడింది.

ఏమని పిలవాలో నాకు తెలియలేదు. అత్త కాదు. అమ్మ కాదు. మొగుడి మొదటి పెళ్లాం తల్లిని పిలిచే పిలుపు నాకు ఎవరూ నేర్పలేదు.

"ఏంది అట్ల సూస్తాండావు?" అంది. "రేపే గదా బిస్మిల్లా. పూలు సెప్పినారా? ముల్లా సాబుకు సెప్పినారా?"

"రేపా? ఇంకా నలభై ఏడు దినాలుండాయి."

"ఎవురు సెప్పినారు?"

"క్యాలెండరు."

"ఏ క్యాలెండరు? గుడ్డలంగడోడు ఇచ్చిందా?" మూట కింద పెట్టింది. "గుడ్డలంగడోనికి తెలుసునా నా బిడ్డ ఎప్పుడు కన్నదో? పీర్లు నీళ్లకు పోయిన ఇరవయ్యో దినం. ఆడ్నించి యాభై రెండు నెలపొడుపులు సూసినా. ఒక్కటి ఇడవలే. మబ్బు పట్టిన్నాడు మిద్దెక్కి సూసినా."

అప్పుడు తెలిసింది.

తెలియకేం... ప్రతి ఏడూ పీర్ల పండగ పది పదకొండు దినాలు ముందుకు వస్తుంది. రంజాన్ ముందుకు వస్తుంది. అన్ని పండగలకూ వండి పెట్టినదాన్నే నేను. నెలపొడుపు చూసి ఉపవాసం పట్టినదాన్నే. కానీ బిడ్డ దినాలు లెక్కపెట్టేటప్పుడు, బడిలో నేర్పిన పిడికిలి తప్ప ఇంకేమీ తోచలేదు. నాలుగేళ్లలో నెలపొడుపులు మెల్లమెల్లగా నా పిడికిలిలోంచి జారి, ఇన్ని దినాలు ముందుకు పోయాయి.

నేను గోడ చూస్తూ ఉన్నాను.

లోపలి నుంచి మహమూదా పరుగున వచ్చింది. నేను ఎప్పుడూ పరుగెత్తనివ్వని పిల్ల.

"అవ్వా! నేను రొట్టె చేసినా!"

గుడ్డ చుట్టిన చెయ్యి చాపింది.

విల్లు ఆగింది.

బీబీజాన్ గుడ్డ విప్పింది. ఒక్కొక్క చుట్టూ. బొబ్బ పగిలి, ఎర్రగా, తడిగా ఉంది.

చాలాసేపు చూసింది.

"కాల్చినావా?"

"కాలింది."

నా గొంతు నాకే దొంగ గొంతులా వినిపించింది.

జైబు వచ్చి మధ్యలో నిలబడింది. ఆరేళ్ల పిల్ల, చేతులు నడుం మీద పెట్టుకుని.

"మా అమ్మ కాల్చలే. అదే పెట్టింది చెయ్యి. నాకూ ఉండాది, సూడు!" లంగా ఎత్తి మోకాళ్లు చూపించింది. గడ్డం ఎత్తి చూపించింది. మణికట్టు దగ్గర పాత కాలిన మచ్చ చూపించింది. "ఇది ఆ పెనమే. నేనేమన్నా ఏడిస్తినా?"

బీబీజాన్ జైబును పైనుంచి కింది దాకా చూసింది. మహమూదాను చూసింది. మళ్ళీ జైబును చూసింది. ఏమనుకుందో నాకు తెలియలేదు.

"రేపు బిస్మిల్లా," అంది. "ఎల్లుండి బస్సుకు నేనూ పిల్లా పోతాం."

"అత్తా..." అన్నాడు మక్బూల్.

"తల ఊపినావా లేదా, అల్లుడా?"

మక్బూల్ అరచేతికి అంటుకున్న దూదిని ఒలుచుకుంటూ ఉండిపోయాడు.

అప్పుడు మాట్లాడింది నేను కాదు. నా భయం. నాకంత ధైర్యం లేదు.

"నా లెక్కకు ఇంకా నలభై ఏడు దినాలుండాయి. అంతదాకా అది నా బిడ్డ. పంపను. ఆ పొద్దుకు మచ్చ మానకపోతే... అప్పుడు తీసకపో."

బీబీజాన్ నా ముఖం చూడలేదు. నా కడుపు చూసింది.

"ఎన్నో నెల?"

"ఎనిమిది నిండినాయి."

"ఎవురి లెక్కకు?"

నేను కడుపు మీదికి కొంగు లాక్కున్నాను.

ఆమె నిలబడే ఉంది. గది వైపు చూసింది. మళ్ళీ నా కడుపు వైపు చూసింది. ఆ గడప అవతలే నిలబడి, ఏదో పెద్ద వాగు దాటాలా వద్దా అని చూస్తున్నట్టు...

"నీళ్లు తే," అంది.

కూర్చుంది. తాగింది. నేను వచ్చినాక ఈ ఇంట్లో మొదటిసారి.

"ఉంటా. బిస్మిల్లా నీ లెక్కకే కానీ. నీ నలభై ఏడు దినాలూ ఈడ్నే ఉంటా. రెండు కండ్లతో సూస్తా."

ఉంది.

రెండు కళ్లతో చూసింది.

నేను పిల్లకు నీళ్లు పోస్తే, చెయ్యి పెట్టి వేడి చూసింది. అన్నం కలిపితే, వేలు పెట్టి ఉప్పు చూసింది. నేను దగ్గితే చూసింది. నేను మాట్లాడకపోతే చూసింది. నా ఇంట్లో నేను దొంగలా తిరిగాను.

రోజూ పొద్దున మహమూదాను ముందు కూర్చోబెట్టుకుని తల దువ్వేది. జైబు తలుపు దగ్గర నిలబడి చూసేది. వారం చూసింది. ఎనిమిదో రోజు తనే పోయి, మహమూదా వెనక, వరసలో కూర్చుంది.

"నువ్వెవురు?" అంది బీబీజాన్.

"జైబు."

"జైబు సరే. నెత్తిలో ఎంతమంది కాపరముండారు?" జడ విప్పి చూసింది. "ఓరి దేవుడా, ఊరే ఉండాది. పేన్ల దువ్వెన తే పో."

జైబు ఉరికింది. దువ్వెన కోసం అంత సంతోషంగా ఎవరూ ఉరకరు.

నేను పొయ్యి ముందు కూర్చుని ఏడ్చాను. పొగ అని చెప్పాను.

మహమూదా చేతి మీద పుండు పక్కు కట్టింది. పక్కు ఎండింది. ఒక రోజు రాలింది. కింద తెల్లగా, మెరుస్తూ, లేత చర్మం. రోజూ చూసేదాన్ని. రంగు కలుస్తుందా... కలుస్తుందా...

జనవరి ఇరవై రెండు పొద్దున నాకు నొప్పులు వచ్చాయి.

నా లెక్కకు ఇంకా వారం ఉంది.

మక్బూల్ మంత్రసాని కోసం పరుగెత్తాడు. ఈశ్వరమ్మ వచ్చి నీళ్లు పెట్టింది. పిల్లలను తన ఇంట్లో వదిలి వచ్చింది.

బీబీజాన్ గదిలోకి రాలేదు.

గడప పట్టుకుని నిలబడింది. ముఖంలో నెత్తురు లేదు. అప్పుడు చూశాను ఆమెను. అన్ని దినాలు ఆమె నన్ను చూసింది, నేను ఆమెను చూడలేదు. ఆమె కూడా లెక్కపెట్టుకుంటూనే ఉంది. ఆమె కూడా భయపడుతూనే ఉంది. నాలుగేళ్ల కింద, వాన, వంకలు పొర్లి బస్సు రాని దినం, ఈ గదిలో కూతురు పిలిస్తే అందని తల్లి ఆమె. మరునాడు వచ్చేసరికి పసిబిడ్డ మాత్రం మిగిలింది.

నొప్పి వచ్చింది. ఇల్లంతా వంగినట్టు వచ్చింది.

"అమ్మా!"

మా అమ్మ పులివెందులలో ఉంది. పెన్న అవతల.

"ఆఁ," అంది గడప దగ్గరి నుంచి ఒక గొంతు. "ఈడుండా."

వచ్చింది. చేతులు చల్లగా ఉన్నాయి. ఆ చలి నా నడుముకు తెలుస్తోంది. దువా చదువుతోంది. మధ్యలో మరిచిపోతోంది. మళ్ళీ మొదటి నుంచి చదువుతోంది.

మధ్యాహ్నానికి బిడ్డ పుట్టింది. ఆడపిల్ల. ఏడ్చింది. బతికి ఉన్న ఏడుపు.

అందరూ బిడ్డను చూశారు. బీబీజాన్ బిడ్డను చూడలేదు. నన్ను చూసింది. నా కాళ్లు చూసింది. గుడ్డలు చూసింది. మళ్ళీ నా ముఖం చూసింది.

పొద్దు వాలుతోంది. నాకు కళ్లు మూతలు పడుతున్నాయి.

"మూయొద్దు మే. కండ్లు మూయొద్దు. మాట్లాడు."

"ఏం మాట్లాడాల..."

"ఏదో ఒకటి. నీ బడి నెలలుండాయే... అవి సెప్పు."

జనవరి, అన్నాను.

"జనవరి," అంది.

ఫిబ్రవరి.

"పిబ్రవరి."

మార్చి... ఏప్రిల్... ఆమె నా పిడికిలి పట్టుకుని, ఒక్కొక్క ఎముక నొక్కుతూ, నా వెనకే చెప్పింది. డిసెంబరు అయిపోతే మళ్ళీ జనవరి. ఎన్ని ఏళ్లు చెప్పామో. కిటికీలో ఎండ పచ్చబడింది. ఎర్రబడింది. ఈశ్వరమ్మ వచ్చి దీపం పెట్టింది.

బీబీజాన్ దీపాన్ని చూసింది. నన్ను చూసింది.

దీపం వెలిగి కొంతసేపైంది.

నేను సెప్టెంబరులో ఉన్నాను.

"ఇంక పండుకో," అంది.

ఫిబ్రవరి పదమూడు వచ్చింది. రాకుండా ఆగుతుందా?

బాలింతను. నలభై దినాలు గది దాటకూడదు. తలుపు ఓరగా తెరిచి, బిడ్డను ఒడిలో పెట్టుకుని, సందులోంచి చూశాను. పంచ అంతా ఊడ్చి, విల్లు గోడకు తగిలించి, చాప పరిచారు. మహమూదా ఆకుపచ్చ పట్టులంగా కట్టుకుంది. పూలదండ మోకాళ్ల దాకా ఉంది. పక్కనే జైబు, తనకే బిస్మిల్లా అయినట్టు బిగుసుకుని కూర్చుంది.

ముల్లా సాబు చదివాడు. చదవమన్నాడు.

మహమూదా నోరు తెరవలేదు.

మళ్ళీ చదివాడు. పిల్ల దండలో పూలు పీకుతోంది. జైబు పెదవులు కదులుతున్నాయి. బీబీజాన్ కళ్లు మూసుకుంది. నా గుండె చప్పుడుకు ఒడిలో బిడ్డ లేచింది.

మూడోసారి — చదివింది. గట్టిగా. వీధి అవతలికి వినపడేంత గట్టిగా. అందరూ ఉలిక్కిపడి నవ్వారు. మక్బూల్ ఏడ్చాడు.

చక్కెరకు చెయ్యి చాపింది. ఆ చెయ్యే.

బొటనవేలి కింద, రేగ్గింజంత, తెల్లగా.

మచ్చ.

మానింది. పోలేదు.

చక్కెర పెడుతూ బీబీజాన్ దాన్ని చూసింది. చూడటం నేను చూశాను.

భోజనాలయ్యాయి. ఆమె లోపలికి వచ్చింది. పెట్టె తెరిచింది. మహమూదా లంగాలు మూడు, రవికలు రెండు, దువ్వెన ఒకటి తీసింది. తన చీరలతో కలిపి మూట కట్టింది. ముడి వేసింది. ముడి మీద ముడి.

జైబు వచ్చి మూట పక్కన కూర్చుంది.

మాట ఇచ్చింది నేనే కదా... మచ్చ మానకపోతే తీసకపో అని. మానడానికి, పోవడానికి మధ్య తేడా గురించి వాదించే ఓపిక నాలో లేదు. బిడ్డ పాలు తాగుతోంది. నేను మూటనే చూస్తున్నాను.

రెండు గంటల బస్సు. దూరంగా హారన్ మోగింది.

బీబీజాన్ లేవలేదు.

మళ్ళీ మోగింది. పోయింది.

"ఈ పొద్దు బస్సులో జనం శానా ఉంటారు," అంది గోడ వైపు తిరిగి. కొంతసేపటికి, ఇంకా మెల్లగా, "పచ్చి బాలింత," అంది. నాతోనో. గోడతోనో. తనతోనో.

మరునాడు కూడా జనం ఎక్కువ. ఆ మరునాడు కాళ్లు నొప్పి. శుక్రవారం ప్రయాణం వద్దంది.

ఈశ్వరమ్మ ఊరుకుంటుందా?

"ఏమవ్వా, జమ్మలమడుగు బస్సు ఇంకా రాలేదా?"

"వచ్చినప్పుడు నీకు సెప్తాలే. నువ్వొచ్చి ఎక్కించు."

మూట మాత్రం విప్పలేదు. కొయ్యకు తగిలించే ఉంది.

అడగాలని ఉంది. అడగను. అడిగితే చెప్తుంది. ఉంటావా అంటే, నేనెందుకుంటా అంటుంది. పోతావా అంటే, పోతా అంటుంది. బిడ్డను వదిలి పోతావా అని... ఆ మాట నా నాలుక మీదికి కూడా రానివ్వను.

నాకు నలభై దినాలు నిండినాక స్నానం చేయిస్తారు. గది దాటుతాను. అప్పుడు పచ్చి బాలింతను కాను. నలభై దినాలకు రెండు లెక్కలు లేవు. నా పిడికిలికీ అవే. ఆమె నెలపొడుపుకూ అవే.

ఈ పొద్దుకు ముప్పై ఎనిమిది.

పొద్దున మహమూదాకు నీళ్లు పోశాక, తడి ఒంటితో వచ్చి నిలబడుతుంది. లంగా కావాలి. బీబీజాన్ లేచి, కొయ్య మీది నుంచి మూట దించి, ముడి విప్పుతుంది. ఒక లంగా తీస్తుంది. విదిలిస్తుంది. నిన్నటి దూది లేస్తుంది.

తొడుగుతుంది. బొందు కడుతుంది.

మళ్ళీ మూట కడుతుంది.

రోజూ ఆ వేళకు నేను బిడ్డను పట్టుకుని, ఊపిరి బిగబట్టి, ఆమె వేళ్లనే చూస్తాను. నిన్న రెండు ముడులు వేసింది. ఈ పొద్దు ఒకటే వేసింది. ఒక ముడి అంటే ఏమిటో... రేపు తొందరగా విప్పడానికా... ఎల్లుండి తొందరగా ఎత్తుకోవడానికా...

పంచలో విల్లు మొదలైంది.

కిటికీ ఎండలో దూది. ఇంకా వాలలేదు.